కొండ కింద చెరువులో ఈతకు దిగే ముందు

తాటిపూడి రిజర్వాయర్ చూడగానే దూకెయ్యాలనిపిస్తుంది. కానీ గోస్తనీ నది మీద కట్టిన ఆ రిజర్వాయర్ నీళ్లు విశాఖ జనం తాగుతారు. అక్కడ ఈత వద్దు. బోటు దొరికితే లైఫ్ జాకెట్ బిగించుకుని ఎక్కండి, చాలు. ఈతకైతే గంట్యాడ వైపు కొండల కింద ఏదైనా ఊరి చెరువు చూసుకోండి, అదీ ఊళ్లో పెద్దల్ని అడిగాకే.

మా పిల్లలకు నేను ముందు చూపించేది మదుము, అంటే చెరువు తూము. తలుపు ఎత్తి పొలాలకు నీరు వదిలితే పైన అలైనా కదలదు, లోపల మాత్రం మనిషిని లాగేస్తుంది. అటువైపు వెళ్లనే వద్దు.

తలకిందులుగా దూకకండి. మట్టి తవ్విన గోతులు, రాళ్లు పైకి కనబడవు. నడుం లోతు దాకా నడిచి, మెడ మీద నీళ్లు చల్లుకుని, ఊపిరి కుదుటపడ్డాక ఈత మొదలెట్టండి. తామర కాడలు కాలికి చుట్టుకుంటే తన్నుకోవద్దు. వెల్లకిలా తేలి, చేత్తో మెల్లగా విడిపించుకుని వచ్చిన దారినే వెనక్కి రండి.

ఒడ్డున ఒకరు తాడు కట్టిన ఖాళీ క్యాన్‌తో ఉండాలి, మూత గట్టిగా పెట్టి. మునిగేవాడు చాలాసార్లు అరవలేడు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టంలో ఉంటుంది. ఎదురెళ్లి పట్టుకోకుండా క్యాన్ విసరండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కుతూ కూర్చోవద్దు. నోటితో ఊపిరి ఇస్తూ ఛాతీ నొక్కండి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి.

ఉరుము వినబడితే వెంటనే బయటికి రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ దిగండి.