విదేశంలో చెల్లేలా ధ్రువపత్రాలను సిద్ధం చేసుకోవడం ఎలా?

పెళ్లి, పైచదువు, ఉద్యోగం, వారసత్వ ఆస్తి, దత్తత... ఏ పని మీదైనా పరాయి దేశపు కార్యాలయంలో మీ ధ్రువపత్రం ఇచ్చారనుకోండి. దానిపై సంతకం చేసిన అధికారి ఎవరో, ఆ ముద్ర అసలైనదో కాదో అక్కడివారికి తెలిసే దారి లేదు. ధ్రువీకరణ తీర్చేది ఆ సందేహాన్నే. సంతకం నిజమైనదని, చేసినవారికి ఆ హోదా ఉందని, ముద్ర సరైనదని మాత్రమే అది చెబుతుంది. పత్రంలో రాసి ఉన్న విషయానికి పూచీ పడదు. పుట్టిన తేదీ తప్పుగా ఉంటే ఎన్ని ముద్రలు వేయించినా తప్పు తప్పుగానే ఉంటుంది. అందుకే పేర్లు, తేదీలు పాస్‌పోర్టుతో సరిపోతున్నాయో లేదో ముందే చూసుకుని, తేడా ఉంటే దిద్దించుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

మొదట పత్రం చేరే చోట అడగండి

చాలామంది చేతిలో ఉన్న కాగితం పట్టుకుని దగ్గర్లోని నోటరీ వద్దకు వెళ్లిపోతారు. నా సలహా అందుకు పూర్తిగా వేరు. ఆ పత్రాన్ని చివరికి ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్టు, ఏ వివాహ నమోదు కార్యాలయం తీసుకుంటుందో ముందు వారినే అడగండి. అసలు పత్రమే కావాలా, ధ్రువీకరించిన నకలు సరిపోతుందా? ఎంతకాలం లోపు జారీ అయినది ఉండాలి? అపోస్టిల్ (అంటే హేగ్ ఒప్పందం ప్రకారం పత్రానికి ఇచ్చే ధ్రువీకరణ) అవసరమా? అనువాదం ఎవరు చేయాలి? అసలు ధ్రువీకరణే అక్కర్లేదన్న జవాబు కూడా రావచ్చు. ఉదాహరణకు ఐరోపా సమాఖ్య దేశాల మధ్య జనన, వివాహ ధ్రువపత్రాల వంటి కొన్నింటికి 2019 ఫిబ్రవరి నుంచి అపోస్టిల్ అవసరం లేదు. జవాబు ఏదైనా రాతపూర్వకంగా తీసుకోండి. రేపు మరో అధికారి వేరే మాట చెబితే చూపించడానికి అదే ఆధారం.

అపోస్టిలా, రాయబార కార్యాలయమా?

ఇది రెండు దేశాలను బట్టి తేలుతుంది. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన అపోస్టిల్ ఒప్పందంలో ఇప్పుడు 120కి పైగా దేశాలున్నాయి. పత్రం ఇచ్చిన దేశం, తీసుకునే దేశం రెండూ అందులో ఉంటే ఒక్క అపోస్టిల్‌తో పని ముగుస్తుంది. అయితే ఒక సభ్య దేశం చేరికకు మరో సభ్య దేశం అభ్యంతరం చెప్పి ఉంటే, ఆ రెండింటి మధ్య ఒప్పందం అమలు కాదు. కాబట్టి ఆ రెండు దేశాల మధ్య అమల్లో ఉందో లేదో హెచ్‌సీసీహెచ్ అనే హేగ్ సంస్థ వెబ్‌సైటులో చూడండి. పాత సలహాలను నమ్ముకోవద్దు. చైనాలో 2023 నవంబరు నుంచి, కెనడాలో 2024 జనవరి నుంచి ఈ ఒప్పందం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రాసినవన్నీ ఆ దేశాలకు రాయబార కార్యాలయం దారినే చూపిస్తాయి. గల్ఫ్ దేశాలన్నీ ఒకటేనని అనుకోవడమూ పొరపాటే. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా సభ్య దేశాలే.

ఒప్పందం వర్తించకపోతే దారి పొడవవుతుంది. ముందు జారీ చేసిన దేశంలోని సంబంధిత శాఖ, తర్వాత అక్కడి విదేశాంగ శాఖ, ఆపై పత్రం వెళ్లాల్సిన దేశపు రాయబార కార్యాలయం వరుసగా ముద్ర వేయాలి. కొన్ని దేశాల్లో పత్రం చేరాక అక్కడి విదేశాంగ శాఖ కూడా చూస్తుంది. ప్రతి ముద్ర దాని ముందున్న ముద్రకు సాక్ష్యం కాబట్టి వరుస తప్పితే వెనక్కి పంపుతారు.

ఎక్కడ వేయించాలి?

పత్రం ఏ దేశంలో జారీ అయిందో అపోస్టిల్ ఆ దేశమే ఇవ్వాలి. మీరిప్పుడు ఎక్కడ నివసిస్తున్నారన్నది లెక్కలోకి రాదు. ఇచ్చే అధికారం కొన్నిచోట్ల విదేశాంగ శాఖది, కొన్నిచోట్ల కోర్టులది. అమెరికాలో రాష్ట్రం ఇచ్చిన జనన ధ్రువపత్రానికి ఆ రాష్ట్ర అధికారులు, కేంద్ర ప్రభుత్వ పత్రాలకు వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖ వేస్తాయి. రాయబార, కాన్సులేట్ అధికారులు రాసి ఇచ్చిన పత్రాలకు ఈ ఒప్పందం వర్తించదు.

పవర్ ఆఫ్ అటార్నీ, ప్రమాణ పత్రం వంటివి ప్రైవేటు పత్రాలు. వాటికి ముందు నోటరీ సంతకం ఉండాలి, అపోస్టిల్ ఆ నోటరీ సంతకానికి పడుతుంది. నకళ్లతోనూ ఇదే చిక్కు. నోటరీ ధ్రువీకరించిన డిగ్రీ నకలుకు అపోస్టిల్ వేయిస్తే అది నోటరీని గుర్తించినట్టే తప్ప విశ్వవిద్యాలయం సంతకాన్ని గుర్తించినట్టు కాదు. కొన్ని కార్యాలయాలు దాన్ని ఒప్పుకోవు. జనన, వివాహ పత్రాల విషయంలో రిజిస్ట్రారు నుంచి కొత్తగా తీసుకున్న ప్రతికే వేయించడం మేలు. ప్లాస్టిక్ పొర వేసిన పత్రాన్ని చాలాచోట్ల తీసుకోరు, ఆ పని చేయించకండి.

చేతికి వచ్చాక

అపోస్టిల్ అంటే కనీసం 9 సెంటీమీటర్ల భుజమున్న చదరం. పైన ఫ్రెంచి శీర్షిక, కింద 1 నుంచి 10 వరకు అంకెలు వేసిన వరుసలు ఉంటాయి: దేశం, సంతకం చేసినవారి పేరు, హోదా, ముద్ర, చోటు, తేదీ, జారీ చేసిన అధికారి, సంఖ్య, చివర ఆ అధికారి ముద్ర, సంతకం. పేరు, హోదా మీ పత్రంలోని సంతకంతో సరిపోతున్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి. జారీ చేసిన ప్రతి కార్యాలయం ఆ సంఖ్యతో రిజిస్టరు ఉంచాలి. ఆన్‌లైన్‌లో చూసే వీలుంటే మీరే ఒకసారి చూడండి.

అనువాదం ఈ దశలో చేయించండి. అపోస్టిల్ పడ్డాక అనువదిస్తే దాని పాఠం కూడా అందులో చేరుతుంది. తీసుకునే దేశంలో ప్రమాణం చేసిన అనువాదకులే చేయాలన్న నియమం ఉంటే, ఇక్కడ చేయించినది వృథా. అపోస్టిల్‌కు ఒప్పందం గడువేమీ పెట్టలేదు. అయినా లోపలి పత్రం మూడు లేదా ఆరు నెలల లోపుదే కావాలనే కార్యాలయాలు ఉన్నాయి కాబట్టి సమర్పించే తేదీ నుంచి వెనక్కి లెక్కవేసుకోండి. స్కాన్ చేయడానికి వీలుగా ఉంటుందని అపోస్టిల్‌ను పత్రానికి కలిపిన పిన్ను తీయకండి, తీస్తే పత్రాన్ని తిరస్కరించవచ్చు. పుటలు అలాగే తిప్పుతూ ఫొటోలు తీసి దాచుకోండి.