యుద్ధ చరిత్ర చదవడం నేర్చుకుందాం – 3: పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

పోయిన పాఠంలో ఒక యుద్ధాన్ని ఎంచుకుని, అందులోని ముఖ్య ఘట్టాలను తేదీలవారీగా రాసుకోమన్నాను. ఇప్పుడు దాని మీద ఏ పుస్తకం చదవాలో తేల్చుకుందాం.

కొన్ని పుస్తకాలు సేనానులు, ఎత్తుగడలు, ఆయుధాల గురించే చెబుతాయి. మరికొన్ని రేషన్ క్యూలు, ఉత్తరాలు, ఆస్పత్రులు, భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ల గురించి చెబుతాయి. రెండు రకాలూ చదవాల్సిందే. కానీ మొదటి పుస్తకంగా మాత్రం ఈ రెండింటినీ ముడిపెట్టినదే తీసుకోండి.

ఉదాహరణకు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ సేనలు జర్మన్లతో చేసిన సొమ్ యుద్ధం. 1916 జూలై 1న, ఆ ఒక్కరోజే బ్రిటిష్ సైన్యం 57,470 మందిని నష్టపోయింది. వాళ్లలో చనిపోయినవాళ్లు 19,240 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది గాయపడ్డారు. కొందరు శత్రువుకు చిక్కారు, కొందరి ఆచూకీ లేదు. పెద్ద అంకె చూపించి అంతమందీ చనిపోయారని రాసిన పుస్తకాన్ని అక్కడే పక్కన పెట్టేయండి.

దాడికి ముందు వారం రోజులపాటు ఫిరంగులు మోగినా జర్మన్ల ముళ్లకంచె చాలాచోట్ల ఎందుకు తెగలేదో సైనిక చరిత్ర వివరిస్తుంది. చాలా గుళ్లు పేలనేలేదు, లోతైన బంకర్లలో దాక్కున్నవాళ్లు బతికిపోయారు. ఇది తెలియాలి. దీంతోపాటే ‘పాల్స్ బెటాలియన్ల’ సంగతీ రావాలి. స్నేహితులు, ఇరుగుపొరుగువాళ్లు, ఒకేచోట పనిచేసేవాళ్లు కలిసి చేరితే కలిసే పోరాడవచ్చని చెప్పి జనాన్ని చేర్చుకున్నారు. ఇంగ్లండ్‌లోని యాక్రింగ్టన్ పట్టణం పేరుతో ఉన్న అలాంటి బెటాలియన్ నుంచి ఆ ఉదయం సుమారు 700 మంది ముందుకు కదిలితే, 500 మందికి పైగా చనిపోవడమో, గాయపడటమో, కనబడకుండా పోవడమో జరిగింది. వాళ్ల ఇళ్లన్నీ దగ్గరదగ్గరే. మనుషుల్ని చేర్చుకున్న పద్ధతి వల్లే ఒకే ప్రాంతం మీద అంత దుఃఖం ఒక్కసారిగా పడింది. ఈ లింకు చూపించే రచయిత దొరికితే వదలొద్దు.

పుస్తకం చేతికి రాగానే ముందు వెనకున్న ఇండెక్స్ తెరవండి. సైనిక చరిత్ర అయితే తిండి, ధరలు, జబ్బులు, సైన్యం నుంచి పారిపోయినవాళ్లు కనబడుతున్నారా? సామాజిక చరిత్ర అయితే రవాణా, నిర్బంధ సైనిక సేవ ఉన్నాయా? మ్యాపులు ఉండాలి. సేనానుల ఆత్మకథలు తర్వాత చదువుకోవచ్చు.

ప్రచురణ సంవత్సరం మాత్రం తప్పకుండా చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రహస్య కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ రహస్య సంకేతాలను ఛేదించిన సంగతి 1974 దాకా సామాన్య పాఠకులకు దాదాపు తెలియదు. అంతకుముందు రాసిన, ఆ యుద్ధంలో అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములతో జరిగిన పోరు చరిత్ర ఎంత బాగున్నా, బ్రిటన్ పక్షం గెలుపుకు ఒక ముఖ్య కారణం అందులో ఉండదు. రచయితను తప్పుపట్టలేం. అయినా మొదటి పుస్తకంగా అది వద్దు.

ఈ వారం పని: మీ యుద్ధం మీద రెండు పుస్తకాలు తీసుకుని, ఒకే రోజు గురించి రెండింట్లో ఏం రాశారో చదవండి. ప్రాణనష్టం అంకె దగ్గర ఆగి, ఎవరెవరిని లెక్కలో చేర్చారో, ఆ లెక్క ఎక్కడిదో ఫుట్‌నోట్లలో వెతకండి. దొరక్కపోతే పేజీ నంబరు రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.