టేప్ లైబ్రరీ రోబోకి స్లాట్ దొరకట్లేదా? ముందు దాని కన్ను తుడవండి

టేప్ లైబ్రరీ అంటే బ్యాకప్ టేపులు స్లాట్లలో (అరల్లో) పెట్టుకుని, కావలసినదాన్ని రోబో చేత్తో తీసి డ్రైవ్‌లో పెట్టే పెట్టె. రాత్రి రెండింటికి బ్యాకప్ ఆగిపోయి ఫోన్ వచ్చిందంటే మనవాళ్ళలో సగం మంది వెంటనే రోబో మార్చమని కంపెనీ సపోర్టుకి కేసు (ఫిర్యాదు) పెట్టేస్తారు. చెన్నైలో సిరుసేరి వైపు నైట్ షిఫ్టులు చేసినన్నాళ్ళూ నేను చూసింది వేరే, మోటార్ పోయినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ రోబో కన్నుకి, అంటే దాని స్కానర్‌కీ సెన్సర్లకీ, సరిగ్గా కనపడక వచ్చినవే.

సమస్య: కార్ట్రిడ్జ్ (టేప్ డబ్బా) ఎదురుగా కనపడుతోంది, ఇన్వెంటరీలో (లోపలున్న టేపుల జాబితాలో) మాత్రం లేబుల్ లేదంటోంది

ముందు స్టిక్కర్ చూడండి. ఎల్టీఓ (బ్యాకప్‌కి వాడే ఒక టేపు రకం) టేపుల మీద ఉండేది కోడ్ 39 అనే బార్‌కోడ్, ఒక్కో అక్షరానికి గీతలూ ఖాళీలూ కలిపి 9, అందులో 3 వెడల్పువి, స్కానర్ సన్నం-వెడల్పు తేడా పట్టుకునే చదువుతుంది. మా దగ్గర ఒకసారి లేబుళ్ళు అయిపోతే కుర్రాడు పక్కన జిరాక్స్ షాపులో కాపీ తీయించుకొచ్చాడు, షాపాయన "సూపరా ఇరుక్కు సార్" అన్నాడట, మన కంటికీ బానే ఉంది, కానీ ఇంకు పాకి సన్న గీతలన్నీ కాస్త లావెక్కాయి, ఇరవై టేపుల్లో సగం చదవలేదు. మెరిసే కాగితమైతే వెలుగు తిరిగి కొట్టి అదో తంటా. టేప్ లేబుల్ అని అమ్మేవే కొనండి, పాతది పూర్తిగా పీకి, గుంటలా ఉన్న చోట వంకర లేకుండా అంటించండి, పాతదాని మీద కొత్తది వద్దు. లేబుల్ మీద చివరి రెండక్షరాలు కూడా చూడండి, ఎల్టీఓ-8 (ఎనిమిదో తరం) టేప్‌కి ఎల్8 ఉండాలి.

ఒకట్రెండు టేపులు కాకుండా అన్నీ చదవట్లేదంటే స్టిక్కర్ని తిట్టకండి, స్కానర్ అద్దం మీద దుమ్ము. పవర్ తీసి, పోగులు రాలని గుడ్డతో మెల్లగా తుడవండి. కంప్రెస్డ్ ఎయిర్ కొట్టొద్దు, ఆ దుమ్మంతా డ్రైవ్‌లోకి పోతుంది.

సమస్య: పికర్ (టేపు పట్టుకునే రోబో చెయ్యి) స్లాట్ అంచుకి గుద్దుకుంటోంది

ఇది కాస్త ఆసక్తిగా ఉంటుంది. చాలా మోడళ్ళలో రోబో ముందు హోమ్ (లెక్క మొదలెట్టే చోటు) పట్టుకుని, అక్కణ్ణించి ఎన్‌కోడర్ (ఎంత కదిలిందో చెప్పే సెన్సర్) పల్సులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, స్లాట్ల దగ్గరుండే గుర్తు కనపడగానే దాని ఎడమ అంచు కుడి అంచు రెండూ చూసి మధ్యని లెక్కేసుకుంటుంది. గుర్తు 6 మి.మీ. అనుకుందాం, ఎడమ పక్క 1 మి.మీ. మురికి కప్పేస్తే మధ్య అర మి.మీ. కుడికి జరుగుతుంది, అంతే, గుద్దడం మొదలు. ఒక్క మ్యాగజైన్‌లోనే (స్లాట్లుండే ట్రేలోనే) అవుతుంటే గుర్తు తుడిచి మ్యాగజైన్ గట్టిగా లోపలికి నెట్టి మళ్ళీ క్యాలిబ్రేట్ చేయండి (అంటే రోబోతో స్లాట్ల చోటు కొత్తగా కొలిపించండి). అన్నిట్లో అవుతుంటే బెల్ట్ వదులు, లేదంటే ర్యాక్‌లో పెట్టె ఒరిగింది, లెవెల్ పెట్టి చూడండి.

సమస్య: ఆన్ చేయగానే హోమ్ దొరకట్లేదు

యూ ఆకారంలో చిన్న సెన్సర్ ఉంటుంది, ఒక కాలు నుంచి రెండో కాలికి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, మధ్యలోకి ప్లాస్టిక్ రేకు వస్తే హోమ్ అన్నమాట. దుమ్ము, వంగిన రేకు, ఊడిన కనెక్టర్, ఈ మూడే చూడండి.

సమస్య: వాల్ట్ (టేపులు భద్రంగా దాచే బయటి గది) నుంచి టేపులొచ్చిన రోజే ఎర్రర్లు

ఏసీ వాల్ట్ నుంచి తీసి మన చెన్నై ఉక్కలో వ్యాన్ ఎక్కిస్తే టేపుకి చెమట పడుతుంది, లేబుల్ ఉబ్బి మూల లేస్తుంది. లైబ్రరీ ఉన్న గదిలోనే 24 గంటలు ఉంచి అప్పుడు పెట్టండి.

ఏది చేసినా ఫుల్ ఇన్వెంటరీ (అన్ని స్లాట్లూ మళ్ళీ స్కాన్ చేయించడం) ఒకసారి నడపండి, అప్పటికీ అదే స్లాట్ దగ్గర ఆగితే లాగ్ జతచేసి అప్పుడు పెట్టండి కేసు.