న్యూఢిల్లీ స్టేషన్ నుంచి విమానాశ్రయానికి వెళ్లేటప్పుడు

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో న్యూఢిల్లీ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి విమానం అందుకోవలసిన వారు టాక్సీ కోసం బేరమాడే ముందు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోను ఒకసారి పరిశీలించడం మంచిది. 2011లో మొదలైన ఈ మార్గంలో మూడో టెర్మినల్‌కు సుమారు 20 నిమిషాలలో చేరుకోవచ్చు. రోడ్డు మీద, అందులోనూ సాయంత్రం వేళ, అదే దూరానికి ఎంత సమయం పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

రైలు దిగాక ఏ వైపు బయటికి వస్తున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. మెట్రో ద్వారం అజ్మేరీ గేటు వైపు, అంటే పదహారో ప్లాట్‌ఫారం వైపు ఉంటుంది కనుక, జనంతో పాటు పహాడ్‌గంజ్ వైపు వెళ్లిపోతే సామాను మోసుకుంటూ వంతెన ఎక్కి మళ్లీ ఇటు రావలసి వస్తుంది.

టికెట్టు మీద టెర్మినల్ సంఖ్యను కూడా ముందే చూసుకోవాలి. ఈ మార్గం మూడో టెర్మినల్‌కు నేరుగా వెళుతుంది, రెండోది అక్కడికి నడక దూరంలోనే ఉంటుంది, కానీ మొదటి టెర్మినల్‌కు మాత్రం ఢిల్లీ మెట్రోలోని మరో మార్గమైన మెజెంటా లైన్‌లో వేరే స్టేషన్ ఉంది. అర్ధరాత్రి దాటాక ఈ రైళ్లు నడవవు కాబట్టి, వేకువజామున మూడు నాలుగు గంటలకు విమానం ఉన్నవారు రాత్రి చివరి రైలుకే వెళ్లిపోవాలి, లేదా టాక్సీని నమ్ముకోవాలి. సామాను తనిఖీకి వరుస ఉంటుంది గనుక పావుగంట అదనంగా చేతిలో ఉంచుకోండి.