నెట్‌లో దొరికే వనరులతో లెక్కలు నేర్చుకోవడం, నేర్పడం ఎలా?

లెక్కలు నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇప్పుడు పాఠాల కొరత లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. ఒక వీడియో తెరిస్తే పక్కనే పది కనిపిస్తాయి. సాయంత్రమంతా చూస్తాం, అంతా అర్థమైనట్టే ఉంటుంది, మర్నాడు అదే రకం లెక్క ముందుకొస్తే చెయ్యి కదలదు. నాకూ జరిగింది. రేఖీయ బీజగణితం (లీనియర్ ఆల్జీబ్రా) పాఠాలు వరసగా చూసేసి, ధీమాగా మూడు సమీకరణాలు సాధించడానికి కూర్చుంటే రెండో అడుగులోనే ఆగిపోయాను. పాఠం బాగానే ఉంది. నేను చూశానే తప్ప చేయలేదు. అందుకే కింద చెప్పే పద్ధతిలో ప్రతి మెట్టు దగ్గరా ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను ఉంటాయి.

1. ఎక్కడ ఆగిపోతున్నారో ముందు కనిపెట్టండి

"నాకు లెక్కలు రావు" అనుకుంటే ఏ వెబ్‌సైటూ సాయం చేయలేదు. "నాకు భిన్నాల భాగహారం రాదు" అనుకుంటే అరగంటలో దారి దొరుకుతుంది. వర్గ సమీకరణాలు రావడం లేదని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు మైనస్ గుర్తుల దగ్గరో, భిన్నాల దగ్గరో ఉంటుంది. అది రెండు మూడు తరగతుల వెనకటి సంగతి కాబట్టి ఎవరూ అటు చూడరు.

ఖాన్ అకాడమీ అనే పాఠాల వెబ్‌సైట్‌లో ప్రతి కోర్సుకీ చివర ఒక పరీక్ష ఉంటుంది. దాన్ని చివర్లో కాదు, మొట్టమొదట రాయండి. మార్కుల గురించి టెన్షన్ పడొద్దు, తప్పు పోయిన ప్రశ్నలు ఏ అధ్యాయానివో రాసుకోండి చాలు. సగానికి పైగా తప్పు పోతే ఒక తరగతి కిందికి దిగి మళ్లీ రాయండి. పెద్దవాళ్లయినా సరే, దిగడానికి మొహమాటపడకండి.

ఇంకో చిన్న పరీక్ష మీరే పెట్టుకోవచ్చు. 3/4ని 2/5తో భాగించండి. 15/8 వచ్చిందా? మంచిది. రెండో భిన్నాన్ని ఎందుకు తలకిందులు చేశారో ఇప్పుడు రెండు వాక్యాల్లో రాయండి. జవాబు వచ్చి వాక్యాలు రాకపోతే, మీకు కావలసింది మరిన్ని లెక్కలు కాదు, ఆ కారణం చెప్పే పాఠం.

2. ప్రధాన దారి ఒకటే పెట్టుకోండి

బడి స్థాయికి ఖాన్ అకాడమీ సరిపోతుంది. 2008లో మొదలైన ఈ సంస్థ లాభం కోసం నడిచేది కాదు, పాఠాలూ అభ్యాసాలూ ఉచితం. పుస్తకం చదివే అలవాటున్నవాళ్లు రైస్ విశ్వవిద్యాలయం నడిపే ఓపెన్‌స్టాక్స్ నుంచి బీజగణితం, కలన గణితం (కాల్క్యులస్), గణాంకశాస్త్రం పుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. కలనంలో సాధించి చూపిన లెక్కలు ఎక్కువ కావాలంటే లామర్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ డాకిన్స్ నోట్సు చూడండి. హంగులేమీ ఉండవు, మెట్టు మెట్టూ విప్పి చెప్తారు. కాలేజీ స్థాయిలో రేఖీయ బీజగణితానికి ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో గిల్బర్ట్ స్ట్రాంగ్ పాఠాలున్నాయి. వీడియోలతో పాటు ఇంటిపని లెక్కలూ, పాత పరీక్షలూ, వాటి సాధనలూ అక్కడే ఉన్నాయి. నా దృష్టిలో ఆ కోర్సు విలువంతా ఆ లెక్కల్లోనే ఉంది.

గ్రాంట్ శాండర్సన్ నడిపే త్రీ బ్లూ వన్ బ్రౌన్ లాంటి యూట్యూబ్ ఛానెళ్లు పక్కదారిగా పెట్టుకోండి. ఒక భావన కళ్లకి కట్టాలంటే వాటిని మించినవి తక్కువ. కానీ వాటితోనే సరిపెట్టుకుంటే పైన నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఒక ప్రధాన దారి, ఒక పక్కదారి, అంతే. మూడోది కనపడితే పేరు రాసి పెట్టుకుని, నెల తర్వాత తెరవండి.

3. వీడియోని ఆపుతూ చూడండి

పాఠం చెప్పేవాళ్లు లెక్క రాసిన క్షణంలో వీడియో ఆపేయండి. పది నిమిషాలు మీరే ప్రయత్నించండి. రాకపోతే ఒక్క అడుగు చూడండి, మళ్లీ ఆపండి. పన్నెండు నిమిషాల వీడియోకి గంట పట్టినా పట్టనివ్వండి. అయిపోయాక తెర మూసేసి, అదే లెక్కని ఖాళీ కాగితం మీద మొదటి నుంచీ రాయండి. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి.

తప్పుల కోసం విడిగా ఒక నోటుబుక్కు పెట్టండి. సరైన జవాబు కాదు, తప్పు పోయిన అడుగు రాయాలి: "బ్రాకెట్ విప్పినప్పుడు రెండో పదానికి మైనస్ ఇవ్వలేదు." నెల తిరిగేసరికి మీ తప్పులు నిజానికి నాలుగైదు రకాలేనని మీకే కనిపిస్తుంది.

4. బొమ్మని కదిలించండి, కానీ ముందు ఊహించండి

నెట్ ఇచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి డెస్మోస్, జియోజీబ్రా. సమీకరణం రాస్తే దాని గ్రాఫు గీసి చూపే పనిముట్లివి, రెండూ బ్రౌజర్‌లోనే పనిచేస్తాయి. జియోజీబ్రాని మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తన మాస్టర్స్ పనిగా మొదలుపెట్టారు.

డెస్మోస్‌లో వై = ఎక్స్² + బి ఎక్స్ + 1 అని టైపు చేయండి. బి కోసం స్లైడర్ పెట్టమంటారా అని అదే అడుగుతుంది, సరే అనండి. స్లైడర్‌ని ముట్టుకునే ముందు ఆగి, బి మారితే ఈ పరావలయం (గిన్నె ఆకారపు వంపు) ఎటు కదులుతుందో కాగితం మీద గీయండి. పక్కకి జరుగుతుందని చాలామంది గీస్తారు. ఇప్పుడు కదిపి చూడండి. అది పక్కకీ జరుగుతుంది, కిందికీ దిగుతుంది, కానీ ఎప్పుడూ (0, 1) బిందువుని వదలదు. ఎక్స్ సున్నా అయితే బి విలువ ఎంతైనా ఆ పదం మాయమైపోతుంది కదా!

ఇంకొంచెం దగ్గరగా, వంపు అడుగున ఉన్న శీర్షాన్నే చూస్తూ స్లైడర్ కదపండి. అది కూడా ఒక వంపు వెంట నడుస్తోంది. కింది వరసలో వై = 1 − ఎక్స్² అని రాస్తే బోర్లించిన పరావలయం ఒకటి వస్తుంది. శీర్షం సరిగ్గా దాని మీదే జారుతుంది. ఎందుకో కాగితం మీద తేల్చండి: శీర్షం దగ్గర ఎక్స్ విలువ −బి/2, దాన్ని ప్రతిక్షేపిస్తే రెండు వరసల పని. ఊహ, బొమ్మ, రుజువు ఈ వరసలో వస్తేనే ఆ భావన మనసులో దిగుతుంది. ముందే బొమ్మ చూసేస్తే "ఓహో" అనుకుని ముందుకెళ్లిపోతాం.

5. సంఖ్యల వరసని వెతకండి

ఒక వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండిటినీ గీతతో కలపండి. వృత్తం ఎన్ని ముక్కలైందో లెక్కపెట్టండి. ఒక బిందువుకి 1, రెండిటికి 2, తర్వాత 4, 8, 16. ఆరు బిందువులకి 32 అని ఎవరైనా చెప్పేస్తారు. గీసి లెక్కపెడితే 31 వస్తుంది. ఆరు బిందువులనీ సమాన దూరాల్లో పెడితే 30 మాత్రమే, ఎందుకంటే నడిమి గీతలు మూడూ ఒకే చోట కలిసి ఒక ముక్కని మింగేస్తాయి.

ఇప్పుడు 1, 2, 4, 8, 16, 31 అని ఓఈఐఎస్‌లో వెతకండి. పూర్ణాంక అనుక్రమాలకి అది నిఘంటువు లాంటిది. నీల్ స్లోన్ 1964లో సేకరించడం మొదలుపెట్టిన వరసలు 1996 నుంచి వెబ్‌లో ఉన్నాయి. సూత్రం, బొమ్మలు, ఆ వరస ఇంకెక్కడెక్కడ వస్తుందో అన్నీ అక్కడుంటాయి. తరగతి గదిలో దీన్ని చివర్లోనే చూపించండి, పిల్లలు 31 దగ్గర గొడవపడ్డాక.

6. జవాబు చెప్పే యంత్రాలని తనిఖీకి వాడండి

లెక్క టైపు చేస్తే జవాబిచ్చే వుల్ఫ్రామ్ ఆల్ఫా వెబ్‌సైట్ 2009 నుంచి ఉంది. మీరు చేశాక సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఏఐ చాట్‌బాట్లతో జాగ్రత్త. వివరణ చక్కగా ఇస్తాయి, మధ్యలో ఒక అడుగు తప్పు వేసినా అదే ధీమాతో చెప్తాయి. వచ్చిన విలువని సమీకరణంలో పెట్టి రెండు వైపులా సమానమో కాదో మీరే చూడండి. "జవాబు చెప్పొద్దు, తర్వాతి అడుగుకి చిన్న సూచన ఇవ్వు" అని అడిగితే మేలు జరుగుతుంది.

మనుషులని అడగాలనుకుంటే మ్యాథ్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ అనే ప్రశ్నోత్తరాల వెబ్‌సైట్ ఉంది. ముందు పాత ప్రశ్నల్లో వెతకండి. అడిగేటప్పుడు మీరు ఎంతవరకూ చేశారో, ఏ వరసలో ఆగారో రాయండి. ఉత్త ప్రశ్న పడేస్తే సాధారణంగా మూసేస్తారు.

7. నేర్పేవాళ్లయితే

పాఠానికి ఒక్క వనరు చాలు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1996 నుంచి నడుపుతున్న ఎన్‌రిచ్ వెబ్‌సైట్‌లో, వెనకబడిన పిల్లలు కూడా మొదలుపెట్టగలిగి, చురుకైనవాళ్లకి కూడా తేలిగ్గా తెగని సమస్యలు దొరుకుతాయి. చిన్న తరగతులకి కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో (తెర మీద కదిలించి చూసే బొమ్మల్లో) భిన్నాలవీ, వైశాల్యంతో గుణకారానివీ బాగుంటాయి. ఇంటర్నెట్ లేని చోట కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. పాఠాలు ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకుండానే నడుస్తాయి.

ఏది ఎంచుకున్నా, ముందురోజు రాత్రి మీరే విద్యార్థిలా కూర్చుని చేయండి. కావాలని తప్పు జవాబులు ఇవ్వండి. "తప్పు, మళ్లీ ప్రయత్నించు" అని మాత్రమే చెప్పే అభ్యాసాన్ని పక్కన పెట్టి, తప్పు ఎక్కడుందో చూపించేదాన్ని తీసుకోండి. పిల్లల చిన్న ఫోన్ తెర మీద అక్షరాలు కనపడుతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఆన్‌లైన్ క్లాసయితే జవాబు టైపు చేయమనకండి. కాగితం మీద చేసినదాన్ని ఫొటో తీసి పంపమనండి. కొట్టివేతలు కూడా ఉండనివ్వమని చెప్పండి. ఆ కొట్టివేసిన వరసల్లో ఒకదాన్ని, పేరు చెప్పకుండా, మర్నాడు క్లాసు మొదట్లో తెర మీద పెట్టి, "ఇలా రాసినవాళ్లు ఏం ఆలోచించి ఉంటారు?" అని అడగండి.