గాల్వెస్టన్ వెస్ట్ బేలో దిగేముందు

మార్చి రాగానే హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్లలో చాలామందికి చేపల మీదకి మనసు పోతుంది. గాల్వెస్టన్ ఐలండ్ స్టేట్ పార్క్ వెనకవైపు ఉన్న ఉప్పునీటి వెస్ట్ బే చూస్తే మోకాలి లోతే, ఎంత దూరం నడిచినా నడుము దాటదనిపిస్తుంది. ఆ ధైర్యంతోనే ఈత రానివాళ్లు కూడా గాలం పట్టుకుని నీళ్లలోకి దిగిపోతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు టేకు చేప సంగతి. ఇక్కడ స్టింగ్‌రే అంటారు. నీళ్లు వెచ్చబడేకొద్దీ ఇవి లోతు లేని చోటికి వచ్చి ఇసకలో ఒళ్లు కప్పుకుని పడుకుంటాయి. వెంటపడి కుట్టే రకం కాదు, మనం మీద కాలేస్తేనే తోక విసిరి ముల్లు దించుతుంది. కాబట్టి అడుగు ఎత్తి వేయకండి, పాదాలు నేలకి రాస్తూ ఈడ్చుకుంటూ నడవండి, ఆ అలికిడికి అదే తప్పుకుంటుంది. పెద్ద చేప తగిలిన హుషారులో వెనక్కి నాలుగడుగులు వేస్తారు చూడండి, నాకు భయమంతా అక్కడే. చెప్పులతో దిగడం అసలు వద్దు. మడమ పైదాకా వచ్చే గట్టి వేడింగ్ బూట్లు (నీళ్లలో నడవడానికి వేసుకునేవి) వేసుకోండి, ముల్లుని ఆపే గార్డులు కూడా దొరుకుతాయి.

ఒకవేళ కుడితే ఐస్ కాదు, వేడినీళ్లు. కాలిపోని వేడి, అంటే 45 డిగ్రీల సెల్సియస్ లోపు, దెబ్బ తగలని కాలు పెట్టి చూసుకుని అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచాలి, నొప్పి బాగా తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టర్‌కి చూపించాల్సిందే, ముక్క లోపల విరిగి ఉండొచ్చు. ముల్లు ఛాతీలోనో పొట్టలోనో మెడలోనో దిగితే మాత్రం పీకకుండా 911కి ఫోన్ చేయండి. నేను కారులో పెద్ద ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పెట్టుకుని వెళ్తాను, ఇంట్లో టీ అనుకుంటారు.

నన్ను పొడిచింది మాత్రం టేకు కాదు, జెల్ల. హార్డ్‌హెడ్ అనే ఈ సముద్రపు జెల్లకి వీపు మీదా రెండు పక్కలా ముళ్లుంటాయి. గాలం తీస్తూ ఉత్త చేత్తో పట్టుకున్నాను, రెండ్రోజులు స్టీరింగ్ తిప్పలేకపోయాను. ప్లయర్స్ లేకుండా దాన్ని ముట్టుకోకండి.

షుగర్, లివర్ సమస్య ఉన్నవాళ్లు ఈ మాట ఇంకో రెండుసార్లు చదవండి. విబ్రియో అనే బ్యాక్టీరియా వెచ్చటి ఉప్పునీళ్లలో ఉంటుంది, మే నుంచి ఇంకా పెరుగుతుంది. చిన్న గీత చాలు దానికి లోపలికి పోవడానికి. ముదిరితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదకి రావచ్చు. మానని పుండు ఉంటే ఆ రోజుకి ఒడ్డునే కూర్చోండి. నీళ్లలో గీసుకుంటే వెంటనే సబ్బుతో కడగండి. ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా రేపు చూద్దాంలే అనుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్లి ఉప్పునీళ్లలో దిగానని చెప్పండి. ఆయిస్టర్ గుల్లల దిబ్బలు బ్లేడ్లలా కోస్తాయి, వాటి మీద మాత్రం పాదాలు ఈడ్వకుండా చుట్టూ తిరిగి వెళ్లండి.

గాలి ఇంకో తలనొప్పి. ఇక్కడ ఆటుపోట్లు అడుగో అడుగున్నరో, వాటికంటే గాలే నీళ్లని ఎక్కువ ఆడిస్తుంది. ఆగ్నేయం నుంచి గట్టిగా వీస్తే నీళ్లు పెరుగుతాయి, వెళ్లేటప్పుడు తొడల దాకా ఉన్న చోటు తిరిగొచ్చేటప్పుడు నడుము దాటొచ్చు. ఉత్తరం నుంచి చలిగాలుల ఫ్రంట్ వస్తే కాసేపట్లోనే చలి, దానికి ముందు ఉరుములు. చుట్టూ చదునైన నీళ్లు, మధ్యలో గ్రాఫైట్ గాలం రాడ్ ఎత్తుకుని నిలబడ్డ మనిషి, పిడుగుకి ఇంకేం కావాలి? మొదటి ఉరుముకే రాడ్ దించి బయటికి నడవండి, చేపలు బాగా పడుతున్నా సరే. పొద్దున్నే పొగమంచు కూడా కమ్మేస్తుంది, ఒడ్డు ఎటో తెలీదు. దిక్సూచి ఒకటి జేబులో ఉండాలి, ఫోన్ తడిస్తే అదే దిక్కు.

బురదలో కూరుకుంటే గింజుకోకండి, వెనక్కి వాలి ఒక్కో కాలూ మెల్లగా లాక్కోండి. బార్జీలు (సరుకు పడవలు) తిరిగే కాలువ అంచుకి పోవద్దు, అక్కడ నేల ఉన్నట్టుండి పడిపోతుంది. నిండు వేడర్స్ (ఛాతీ దాకా వచ్చే, నీళ్లు చొరని ప్యాంటు) వేస్తే నడుముకి బెల్టు బిగించాలి, లేకపోతే పడినప్పుడు నీళ్లు నిండిపోతాయి. లైఫ్ జాకెట్ నామోషీ ఏం కాదు. ఒంటరిగా దిగొద్దు. చేపలు గుచ్చిన తాడు నడుముకి దగ్గరగా కట్టుకోవద్దు, సొరచేపలకి కూడా ఆకలి వేస్తుంది, పొడవుగా వదిలి, లాగితే ఊడిపోయేలా పెట్టుకోండి.

చేపలు పట్టే లైసెన్స్‌తో పాటు ఉప్పునీళ్ల అనుమతి కూడా తీసుకోండి. రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల లోపు రోజుకి మూడు, ట్రౌట్ 15 నుంచి 20 లోపు మూడు. రూల్స్ మారుతుంటాయి, వెళ్లేముందు ఒకసారి చూసుకోండి. టేపు మర్చిపోకండి, పులుసు మీద ఆశ పడ్డ కళ్లకి 19 అంగుళాల రెడ్‌ఫిష్ కూడా 20గానే కనబడుతుంది.