మద్యం వాడకాన్ని కొలిచే పరీక్షలు: ఏది ఎప్పుడు రాయాలి, రిపోర్టు ఎలా చదవాలి

పేషెంటు తాగుడు మానేశానంటున్నాడు, ఇంట్లోవాళ్లు నమ్మడం లేదు. ఇలాంటప్పుడు చాలాచోట్ల రాసేది లివర్ పనితీరు పరీక్ష, ఎల్‌ఎఫ్‌టీ. అందులో జీజీటీ అనే లివర్ ఎంజైమ్ 140 వస్తే తాగుతున్నాడని, 40 వస్తే మానేశాడని తేల్చేస్తారు. రెండూ తప్పయ్యే అవకాశం ఉంది. ఫ్యాటీ లివర్, పిత్తనాళంలో అడ్డంకి, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ లాంటివి చుక్క ముట్టనివారిలోనూ జీజీటీని పెంచుతాయి. రోజూ తాగేవారిలో కొందరికి అది పెరగనే పెరగదు. ఒక్క జీజీటీ చూసి మనిషిని నిలదీయడం అన్యాయం.

పరీక్ష రాసేముందు మీకు తెలియాల్సింది ఎన్నాళ్ల సంగతో తేల్చుకోండి. ఇవాళ్టిదా, రెండు మూడు రోజులదా, నెలదా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో పరీక్ష. దేనికోసం చేస్తున్నారో పేషెంటుకు చెప్పి, ఒప్పించి చేయండి. దొంగచాటుగా చేస్తే ఫలితం వస్తుంది, మనిషి మళ్లీ రాడు.

తాగేది గ్రాముల్లో రాసుకోండి. మిల్లీలీటర్లను మద్యం శాతంతోనూ 0.789తోనూ గుణించి వందతో భాగిస్తే సరి. 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో సుమారు 20 గ్రాములు, 180 మి.లీ. క్వార్టర్‌లో 60 గ్రాములు. 650 మి.లీ. బీరు 5 శాతమైతే 26 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ అయితే 41. కల్లు ఎంత పులిస్తే అంత మారుతుంది కాబట్టి దానికి లెక్క కట్టకండి, సీసాల సంఖ్య రాసుకోండి.

ఇవాళ్టి సంగతికి బ్రెత్ ఎనలైజర్ చాలు. నోట్లో మిగిలిన మద్యం, మౌత్‌వాష్ రీడింగ్‌ను పెంచేస్తాయి కాబట్టి 15 నిమిషాలు ఏమీ తాగనివ్వకుండా కూర్చోబెట్టి ఊదించండి. శరీరం గంటకు 100 మి.లీ. రక్తానికి దాదాపు 15 నుంచి 20 మిల్లీగ్రాములు వదిలించుకుంటుంది. అందుకే సున్నా వస్తే నిన్న రాత్రి తాగలేదని కాదు. రక్తంలో మద్యం చూడాలంటే ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబ్ వాడాలి. చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవకూడదు, మద్యం కలవని పోవిడోన్ అయొడిన్‌తో తుడవాలి.

గత రెండు మూడు రోజులకు మూత్రంలో ఈటీజీ, అంటే ఇథైల్ గ్లూకురోనైడ్. తాగిన మద్యం నుంచి శరీరం తయారుచేసే పదార్థమిది. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. నీళ్లు బాగా తాగొస్తే మూత్రం పలచబడి ఈటీజీ పడిపోతుంది, కాబట్టి మూత్రం ఎంత పలచబడిందో చూపే క్రియాటినిన్ కూడా అడగండి. అది డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములలోపు ఉంటే ఆ శాంపిల్‌ను లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ తీయించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఈకోలై క్రిములు ఈటీజీని విరగ్గొట్టేస్తాయి, తాగినా నెగటివ్ వస్తుంది. షుగర్ పేషెంటుది తిరకాసు ఇంకో రకం. చక్కెర ఉన్న మూత్రాన్ని బయట వదిలేస్తే ఈస్ట్ పులియబెట్టి మద్యం తయారుచేస్తుంది, క్రిములు కూడా ఉంటే ఆ మద్యం నుంచే సీసాలో ఈటీజీ పుట్టవచ్చు. శాంపిల్‌ను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. తోడుగా మద్యం నుంచే తయారయ్యే మరో పదార్థం, ఇథైల్ సల్ఫేట్ కూడా చేయిస్తే మంచిది, ఈ గొడవలు దాన్ని పెద్దగా తాకవు.

ఈటీజీ మిల్లీలీటరుకు 500 నానోగ్రాములకు బాగా పైన ఉంటే తాగినట్టే అనుకోవచ్చు. 100 నుంచి 500 మధ్య ఉంటే తొందరపడకండి. రెండ్రోజుల కిందటి మందు కావచ్చు, శానిటైజర్ కావచ్చు, మౌత్‌వాష్ కావచ్చు. అశ్వగంధారిష్టం, ద్రాక్షారిష్టం లాంటివి వాడుతున్నారేమో తప్పక అడగండి. పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిలో నిజంగానే మద్యం ఉంటుంది. ఆయుర్వేదం మందును మందు కింద ఎవరూ చెప్పరు! స్ట్రిప్ కార్డులో పాజిటివ్ వస్తే, చర్య తీసుకునే ముందు ల్యాబులో మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే కచ్చితమైన పద్ధతితో నిర్ధారించుకోవాలి.

రెండు నుంచి నాలుగు వారాల సంగతికి ఇప్పుడున్నవాటిలో మేలైనది పెత్, ఫాస్ఫాటిడిల్ ఇథనాల్. మద్యం ఉంటేనే ఎర్రరక్తకణాల పొరలో ఇది తయారవుతుంది. అందుకే లివర్ జబ్బు, బీపీ మాత్రలు దీన్ని పెంచలేవు. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబ్‌లో మొత్తం రక్తమే పంపాలి. సీరమ్ వేరుచేసి పంపితే కొలవాల్సిన కణాలే ఉండవు. రక్తంలో మద్యం మిగిలి ఉంటే ట్యూబ్‌లోనూ పెత్ తయారవుతూనే ఉంటుంది, కాబట్టి ఆలస్యం చేయవద్దు. దాచాల్సి వస్తే మైనస్ 80 డిగ్రీలు కావాలి, మామూలు డీప్ ఫ్రీజర్ పనికిరాదు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారిలో దాత తాగిన మందు కనిపించవచ్చు.

ల్యాబులు సాధారణంగా కొలిచే 16:0/18:1 రకం పెత్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములలోపు ఉంటే తాగలేదు లేదా చాలా తక్కువ. 200 దాటితే భారీగా తాగుతున్నట్టు. కొన్ని రిపోర్టుల్లో మైక్రోమోల్స్‌లో ఇస్తారు, లీటరుకు 0.3 మైక్రోమోల్ అంటే సుమారు 210 నానోగ్రాములు. ప్రమాణం చూడకుండా 0.3ను నార్మల్ అనుకోవద్దు.

సీడీటీ అంటే రక్తంలో ఐరన్‌ను మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్‌లో, ఎక్కువగా తాగేవారిలో పెరిగే ఒక రకం. ఇది వారం రెండు వారాలపాటు రోజుకు 50 నుంచి 80 గ్రాములు తాగితేగాని పెరగదు, అంటే దాదాపు రోజుకో క్వార్టర్. మొత్తం ట్రాన్స్‌ఫెరిన్‌లో దాని శాతం ఎంతో అడగండి, విడి అంకె వద్దు. మన దగ్గర ఐరన్ లోపం సర్వసాధారణం, అది ట్రాన్స్‌ఫెరిన్‌ను పెంచి విడి అంకెను చెడగొడుతుంది. ఎంసీవీ, అంటే ఎర్రరక్తకణాల సగటు పరిమాణం, మరీ నిదానం, మానేశాక దిగడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. పైగా బీ12 లోపం దాన్ని పెంచుతుంది, ఐరన్ లోపం దించుతుంది.

పెత్‌ను ఒక్కసారి చేసి వదిలేయకండి. చికిత్స మొదట్లో ఒకటి, నాలుగు వారాలకు ఒకటి చేయించండి. ఇది సగమవడానికి మనిషిని బట్టి 4 నుంచి 10 రోజులు పడుతుంది. మొదటిది 800 నానోగ్రాములు అనుకుంటే, పూర్తిగా మానేసినవారిలో 28 రోజులకు 6 దాకా దిగవచ్చు, 115 దగ్గరా ఉండవచ్చు. కాబట్టి 90 వచ్చిందని పేషెంటును అబద్ధాలకోరు అనకండి. అదే 400 వస్తే మధ్యలో తాగినట్టే.